ఇంట్లో పిట్టలకు అంటురోగాలు రాకుండా ఎలా చూసుకోవాలి: శ్రీకాకుళం, విజయనగరం పెంపకందారులకు

బడ్జీలు, కాకటీల్స్, ఫించ్‌లు, ఆఫ్రికన్ లవ్ బర్డ్స్ లాంటి పంజరపు పిట్టల్ని పెంచేవాళ్లు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి. పిట్ట తన జబ్బును దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనిపించిన పిట్టనే డేగ ముందు ఎత్తుకుపోతుంది కాబట్టి, ఒంట్లో బాగోలేకపోయినా మామూలుగా తిరగడం దానికి పుట్టుకతో వచ్చిన గుణం. మన కంటికి కనిపించేలా ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుందంటే, అప్పటికే జబ్బు చాలా ముదిరిందని అర్థం. ఆ దశలో మందు వేసి కాపాడుకోవడం కష్టం. రాకుండా చూసుకోవడమే మన చేతిలో ఉన్న పని.

రాకుండా చూసుకోవడం అనగానే చాలామంది షాపువాళ్లు పొట్లం కట్టి ఇచ్చే పసుపు పొడిని నీళ్లలో కలిపి పెడతారు. అది ఎక్కువగా టెట్రాసైక్లిన్ రకం యాంటీబయోటిక్. జబ్బు లేని పిట్టకు దాన్ని రోజూ ఇస్తే మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చి, పొట్టలో బూజు రకం ఇన్‌ఫెక్షన్లు పెరుగుతాయి. రేపు నిజంగా జబ్బు వస్తే అదే మందు పనిచేయకుండా పోతుంది. దయచేసి ఆ అలవాటు మానండి. నేను చెప్పబోయేదంతా రెండు మాటల చుట్టూ తిరుగుతుంది: కొత్త పిట్టకీ పాత పిట్టకీ మధ్య ఎడం, పంజరంలో తడి లేకపోవడం. మన కోస్తా గాలిలో రెండోది మొదటిదాని కంటే కష్టం.

కొనేటప్పుడు

సంతల్లో బుట్టల్లో పెట్టి అమ్మే రామచిలకల జోలికి వెళ్లకండి. మన దేశపు చిలకల్నీ మునియాల్నీ పట్టడం, అమ్మడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, పట్టుకొచ్చి కిక్కిరిసిన బుట్టలో రోజుల తరబడి ఉంచిన పిట్ట రోగాల పుట్ట.

షాపుకెళ్లాక మీకు నచ్చిన పిట్ట దగ్గరే కళ్లు ఆపేయకండి. దాని చుట్టూ ఉన్నవాటిని చూడండి. అదే పంజరంలో ఒక్కటి ముడుచుకుని కూర్చున్నా, ఒక్కదానికి తోక కింద ఈకలు రెట్టతో అంటుకుపోయి ఉన్నా, మిగతావి ఎంత హుషారుగా ఉన్నా తీసుకోవద్దు. అవన్నీ ఒకే గిన్నెలో నీళ్లు తాగాయి. ముక్కు మీదా కళ్ల చుట్టూ తెల్లటి పొక్కులు, ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందకీ ఊగడం, రెక్కలకూ తోకకూ పెద్ద ఈకలు రాలిపోయి నేల మీద పరుగెత్తే బడ్జీ పిల్లలు, ఇవేవి కనిపించినా ఆ షాపులో ఏమీ కొనకుండా బయటికి రండి. ఈకలు రాలే పిల్లల్ని మన పెంపకందారులు రన్నర్లు అంటారు. చాలాసార్లు దానికి కారణం పాలియోమా వైరస్. ఒకసారి గూళ్లలో చేరితే వదిలించుకోవడం పెద్ద పని.

చివరిగా పిట్టను చేతిలోకి తీసుకుని రొమ్ము మధ్య ఎముకను వేలితో తడమండి. రెండు పక్కలా కండ నిండుగా ఉండాలి. ఎముక కత్తి అంచులా తగిలితే అది చాలా రోజులుగా సరిగ్గా తినడం లేదు.

కొత్త పిట్టను 45 రోజులు విడిగా ఉంచండి

ఈ వ్యాసంలో ఒక్క పనే చేస్తామంటే, ఇదే చేయండి. కనీసం 30 రోజులు, కుదిరితే 45. కోవిడ్ పుణ్యమా అని క్వారంటైన్ అంటే ఏంటో అందరికీ తెలుసు. కానీ పిట్టల దగ్గరికి వచ్చేసరికి చాలామంది కొత్త పంజరాన్ని పాత పంజరం పక్కనే పెట్టి, వేరుగా ఉంచామనుకుంటారు. రెట్ట ఎండి దుమ్మవుతుంది. ఈకల పొడి గాలిలో లేస్తుంది. కాకటీల్ ఒళ్లు దులుపుకుంటే తెల్లటి పౌడర్ ఎగరడం మీరు చూసే ఉంటారు. పైన ఫ్యాన్ తిరుగుతుంటే అది గదంతా పరుచుకుంటుంది. అందుకే వేరు పంజరం చాలదు, వేరు గాలి కావాలి. పాత పిట్టలు డాబా మీద ఉంటే కొత్తవి కింది గదిలో ఉండాలి. ఇల్లు చిన్నదైతే, పిట్టలు పెంచని చుట్టాల ఇంట్లో నెలన్నర ఉంచమని అడగడానికి మొహమాటపడకండి.

అన్ని రోజులెందుకని మీరు అడగొచ్చు. రాణిఖేత్, అంటే మన కోళ్లకు వచ్చే కొక్కెర తెగులు, మామూలుగా రెండు వారాల్లోపే బయటపడుతుంది. కానీ సిటకోసిస్ అలా కాదు. దాన్ని తెచ్చే క్లమిడియా సిటాసీ అనే బ్యాక్టీరియా పిట్ట ఒంట్లో ఏ లక్షణం లేకుండా వారాల తరబడి ఉండగలదు. ప్రయాణం, కొత్త చోటు, జత కట్టడం లాంటి వాటితో పిట్టకు టెన్షన్ పెరిగినప్పుడు రెట్టలో బయటికి వస్తుంది. మీరు పిట్టను ఇంటికి తెచ్చిన మొదటి వారాలే దానికి జీవితంలో పెద్ద టెన్షన్. ఏదైనా దాక్కుని ఉంటే ఆ రోజుల్లోనే తేలుతుంది. అది మనుషులకు కూడా అంటుతుంది, ఆ సంగతి కింద చెప్తాను.

ఈ రోజుల్లో చేయాల్సిన పనులకు ఒక వరుస ఉంది. ప్రతి ఉదయం ముందు పాత పిట్టలకు, అందులోనూ ముందుగా పిల్లలున్న గూళ్లకు మేతా నీళ్లూ పెట్టండి. కొత్త పిట్ట దగ్గరికి ఆఖరున వెళ్లండి. ఒకసారి వెళ్లాక చేతులు సబ్బుతో కడిగి, చొక్కా మార్చుకునేదాకా పాతవాటి దగ్గరికి తిరిగి రావద్దు. కొత్త పంజరానికి గిన్నెలు, బ్రష్షు, తుడిచే గుడ్డ, చెప్పులు అన్నీ వేరుగా ఉండాలి. గిన్నెల్ని కూడా వేరే కుళాయి దగ్గర కడగండి. ఇంట్లో చిన్నపిల్లలు రెండు పంజరాల మధ్యా తిరగకుండా చూసుకోవడం అన్నిటికంటే కష్టం. ఆ గదికి తాళం వేస్తే గొడవ లేదు.

పంజరం అడుగున ఉన్న ట్రేలో రాతలున్న పేపరు కాకుండా తెల్ల కాగితం పరవండి. ఉదయం ఆ కాగితం తీసి వెలుతురులో చూడండి. మంచి రెట్టలో మూడు భాగాలు విడివిడిగా కనిపిస్తాయి: ముదురు ఆకుపచ్చ లేదా గోధుమ రంగు చుట్ట, దాని మీద సున్నంలా తెల్లటి భాగం, చుట్టూ కొంచెం తడి. తెల్ల భాగం పసుపుగా, లేత ఆకుపచ్చగా మారితే కాలేయం దెబ్బతింటోందేమోనని అనుమానించాలి. అరగని గింజలు అలాగే పడుతున్నా, చుట్ట లేకుండా నీళ్లే పడుతున్నా, రక్తపు చార ఉన్నా డాక్టరుకు చూపించాలి. అంతకుముందు రోజు కీరదోస ముక్కో ఆకుకూరో పెట్టి ఉంటే రెట్ట పలచబడటం మామూలే. దానికి కంగారుపడొద్దు.

దాంతోపాటు బరువు. వంటింట్లో వాడే 1 గ్రాము తేడా చూపించే డిజిటల్ కాటా చాలు. మూతకు గాలి రంధ్రాలు చేసిన చిన్న ప్లాస్టిక్ డబ్బాను కాటా మీద పెట్టి సున్నా చేసి, పిట్టను అందులో ఉంచి తూచండి. మేత పెట్టకముందు, రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. మన దగ్గర దొరికే బడ్జీ మామూలుగా 30 నుంచి 40 గ్రాములుంటుంది. 35 గ్రాముల పిట్ట 31కి వచ్చిందంటే చూడటానికి తేడా తెలియదు, కానీ అది పది శాతం పైనే తగ్గినట్టు. ఈకల కింద దాక్కున్న జబ్బును కాటా అందరికంటే ముందు చెప్తుంది.

మొదటి వారంలోనే తాజా రెట్టను చిన్న డబ్బాలో వేసి దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకెళ్లి మైక్రోస్కోప్ కింద చూడమని అడగండి. పిట్టలకు ప్రత్యేకంగా చూసే డాక్టర్లు మన జిల్లాల్లో అరుదు. కానీ కాక్సిడియా (పేగుల్లో చేరే కంటికి కనపడని పరాన్నజీవి), నులిపురుగుల గుడ్లు చూడటానికి ప్రత్యేక డాక్టరు అక్కర్లేదు, కోళ్లకు చేసే పరీక్షే ఇది. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. జబ్బు అంతుపట్టనప్పుడు అక్కడిదాకా వెళ్లడం దండగ కాదు. ఖరీదైన చిలకలు తెచ్చుకునేవాళ్లు సిటకోసిస్, పాలియోమా, ఈకల జబ్బు తెచ్చే సర్కోవైరస్‌లకు పీసీఆర్ పరీక్ష కూడా చేయించుకుంటే మంచిది. కొన్ని ప్రైవేటు ల్యాబులు కొరియర్‌లో శాంపిల్ తీసుకుంటాయి.

పంజరం, పిట్టల గది

పెరట్లోనో డాబా మీదో పెద్ద గది కట్టే పని అయితే, పైకప్పు మొత్తం రేకుతో మూయండి. ఎండ రావాలని పైన వల మాత్రమే వేస్తారు కొందరు. కాకులూ పావురాలూ ఆ వల మీద వాలి రెట్ట వేస్తే నేరుగా మేత గిన్నెలో పడుతుంది. ఎండను పక్కల నుంచి రానివ్వండి, తూర్పు వైపు అయితే మరీ మంచిది. పక్కల వల కన్ను అరంగుళం మించకూడదు. ఎలుకలు, పిచ్చుకలు దూరకుండా ఉంటాయి. దానికి బయటి వైపు దోమతెర కూడా కొట్టించండి. పిట్టలకు వచ్చే మసూచి దోమకాటు వల్లే ఎక్కువగా పాకుతుంది. కళ్ల చుట్టూ, ముక్కు మూలల్లో, కాళ్ల మీద పొక్కులు లేచి, తర్వాత చెక్కు కడుతుంది. కింద నీళ్లు నిలిచిన టైర్లు, కొబ్బరి చిప్పలు ఉంటే తెర ఒక్కటే కాపాడలేదు. దోమల కాయిల్స్ మాత్రం పిట్టల గదిలో వెలిగించొద్దు. పిట్టల ఊపిరితిత్తులు పొగను అసలు తట్టుకోలేవు.

మట్టి నేల చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ నులిపురుగుల గుడ్లు, కాక్సిడియా అందులో నెలల తరబడి బతుకుతాయి. వాలుగా సిమెంటు చేయించి, నీళ్లు బయటికి పోయేలా చూడండి. వాలే కొయ్యలకు ప్లాస్టిక్ గొట్టాలకన్నా జామ, వేప కొమ్మలు మేలు. పాడైతే పారేసి కొత్తవి పెట్టుకోవచ్చు. కొయ్య కింద నీళ్ల గిన్నె ఉండకూడదు.

గూటి కుండల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కుమ్మరి చేసిన కుండ బడ్జీలకు చల్లగా బాగుంటుంది. కానీ మట్టి తడినీ రెట్టనూ పీల్చుకుంటుంది. పిల్లలు ఎగిరిపోయిన ప్రతిసారీ కుండ దించి, గోకి, మరిగే నీళ్లు పోసి, మూడు నాలుగు రోజులు మండే ఎండలో బోర్లా పెట్టాలి. ఏ గూట్లోనైనా పిల్లలు చనిపోయి ఉంటే, ఆ కుండను మళ్లీ వాడకండి. చెక్క పెట్టెలకంటే కుండ చౌక, పారేయడానికి మనసొప్పుతుంది.

కడిగేటప్పుడు జరిగే పొరపాటు

రెట్ట అంటి ఉన్న పంజరం మీద బ్లీచింగ్ నీళ్లు చల్లి శుభ్రం చేశామనుకుంటారు. మురికి ఉన్నచోట క్లోరిన్ ఆ మురికితోనే సరిపోతుంది, క్రిమిదాకా వెళ్లదు. కాబట్టి ముందు సబ్బు నీళ్లతో రుద్ది కడగాలి, తర్వాతే బ్లీచింగ్. లీటరు నీటికి ఒక టీ చెంచా, అంటే సుమారు 5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడరు. పది నిమిషాలు తడిగా ఉంచి, వాసన పోయేదాకా మంచి నీళ్లతో కడిగి, ఎండబెట్టాలి. ఆ కాసేపూ పిట్టలు అక్కడ ఉండకూడదు. మూత తీసి ఉంచిన పౌడరు మన తేమకు ఊరికే బలం పోగొట్టుకుంటుంది. ఘాటు వాసన రాకపోతే అది పనికిరాదు. కలిపిన నీళ్లు ఆ రోజుకే. బాత్రూం కడిగే యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. ఫినాయిల్ కూడా పిట్టల దగ్గర వద్దు.

కాక్సిడియా గుడ్లకు బ్లీచింగ్ పనిచేయదు. వాటికి మరిగే నీళ్లు, ఎండ, పొడి నేల, ఇవే మందు.

పొడి రెట్టను చీపురుతో ఊడ్చే అలవాటు ఉంటే ఈరోజే మానండి. ముందు నీళ్లు చిలకరించి, మాస్కు పెట్టుకుని, ఆ తర్వాత ఎత్తండి.

మేత, నీళ్లు, ముసురు రోజులు

మన దగ్గర కొర్రలు, సామలు, గంట్లు, చోళ్లు మంచివే దొరుకుతాయి. ప్యాకెట్ మేత కొనాల్సిన పని లేదు. సమస్య వాటిని దాచడంలో వస్తుంది. జూన్ నుంచి నవంబరు దాకా నెలకు సరిపడా తెచ్చి గోనె సంచిలో ఉంచితే అడుగున గింజలు ముద్ద కడతాయి, ముక్కిపోయిన వాసన వస్తుంది. ఆ బూజులో ఉండే ఆస్పర్జిల్లస్ పిట్టల ఊపిరితిత్తుల్లో చేరితే మందు దొరకడం కష్టం, దొరికినా నెలలు వాడాలి. వానాకాలంలో పది రోజులకు సరిపడా మాత్రమే కొని, ఎండ కాసిన రోజు చాటలో చెరిగి ఆరబోసి, గట్టి మూత ఉన్న డబ్బాలో పోసుకోండి. వాసన తేడాగా ఉంటే కడిగి పెట్టొద్దు, పారేయండి. పల్లీలైతే ఇంకా జాగ్రత్త, వాటికి పట్టే బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది. నానబెట్టిన గింజలూ ఆకుకూరలూ బలమే, కానీ మన ఉక్కపోతలో రెండు మూడు గంటలకే పులుస్తాయి. ఉదయం పెట్టి, మీరు టిఫిన్ తిని ఆఫీసుకు బయల్దేరేలోపు తీసేయండి.

నీళ్లు రోజుకు రెండుసార్లు మార్చాలి. మార్చినప్పుడు గిన్నె లోపలి వైపు వేలితో రుద్ది చూడండి. జారుడుగా తగిలితే అక్కడ సూక్ష్మజీవులు పొర కట్టాయని. ఊరికే తొలిపితే ఆ పొర పోదు, బ్రష్షుతో రుద్దాలి. రెండు జతల గిన్నెలు ఉంచుకుని, ఒక జత వాడుతుండగా ఇంకో జతను ఎండలో ఆరబెట్టడం నాకు నచ్చిన పద్ధతి.

వాయుగుండం పట్టి ముసురు ఆగకుండా కురిసే రోజుల్లో పంజరం చుట్టూ టార్పాలిన్ కప్పేస్తారు. నాలుగు వైపులా మూస్తే లోపల తడి, రెట్ట వాసన, బూజు అన్నీ కలిసి పిట్టల్ని కుంగదీస్తాయి. గాలి కొట్టే వైపులు మూసి, దానికి ఎదురు వైపు వదిలేయండి. ట్రేలో కాగితం రోజుకు రెండుసార్లు మార్చండి. తుపాను హెచ్చరిక వస్తే పంజరాల్ని ఇంట్లోకి తెచ్చుకోక తప్పదు. అప్పుడు కూడా క్వారంటైన్‌లో ఉన్నదాన్ని మిగతావాటితో ఒకే గదిలో చేర్చకండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ వచ్చినప్పుడు కరెంటు లేక చాలా ఊళ్లలో మోటార్లు రోజుల తరబడి తిరగలేదు. ముందురోజే పిట్టల కోసం కాచి చల్లార్చిన నీళ్లు మూత ఉన్న క్యాన్లలో పట్టి ఉంచండి. నుయ్యి నీళ్లు వరద కలిసి ఉంటే పోయకండి.

కోళ్లు, పావురాలు, కొంగలు

మన ఊళ్లలో పెరటి కోళ్లు లేని ఇల్లు తక్కువ. సంక్రాంతి దగ్గర పడితే పందెం కోళ్లు ఊరూరా తిరుగుతాయి. కొక్కెర తెగులు వాటితోనే వస్తుంది. మనిషి చెప్పుల మీద, బుట్ట మీద, చేతుల మీద కూడా వస్తుంది. మీ ఇంట్లో కోళ్లుంటే వాటికి రాణిఖేత్ టీకా వేయించండి, పశుసంవర్ధక శాఖ వాళ్లను అడిగితే చెప్తారు. కోళ్లకు మేత వేసిన చేత్తో, చికెన్ షాపుకు వేసుకెళ్లిన చెప్పులతో పిట్టల గదిలోకి వెళ్లకండి. ఆ గది గుమ్మం దగ్గర ఒక జత చెప్పులు విడిగా ఉంచండి, అవి ఆ గడప దాటి బయటికి రాకూడదు.

చలికాలంలో తేలినీలాపురం పెలికాన్లను, అంతకుముందు తేలుకుంచి కొంగలను చూడటానికి వెళ్తుంటాం. వెళ్లండి, చూడదగ్గవే. కానీ నీటిపక్షులు పైకి బాగానే ఉంటూ బర్డ్ ఫ్లూ వైరస్ మోయగలవు కాబట్టి, వచ్చాక స్నానం చేసి బట్టలు మార్చాకే మీ పిట్టల దగ్గరికి వెళ్లండి. అక్కడ రాలిన ఈకలు ఏరి తేవద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో హెచ్5ఎన్1 రకం బర్డ్ ఫ్లూ బయటపడింది, భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల ల్యాబు నిర్ధారించింది. అలా తేలినచోట చుట్టూ కిలోమీటరు పరిధిని ఇన్‌ఫెక్టెడ్ జోన్‌గా, పది కిలోమీటర్ల దాకా నిఘా జోన్‌గా ప్రకటిస్తారు. అలాంటి వార్త వచ్చినప్పుడు ఆ కొన్ని వారాలూ పిట్టలు కొనడం, అమ్మడం, ఇచ్చిపుచ్చుకోవడం అన్నీ ఆపేయండి. పిట్టల్ని చూడటానికి వచ్చే స్నేహితుల్ని కూడా తర్వాత రమ్మనండి.

పేలు, పురుగులు

ఎర్ర పేలు పగలు కొయ్యల పగుళ్లలో, కుండ అడుగున దాక్కుని రాత్రి వచ్చి రక్తం తాగుతాయి. రాత్రి పంజరం మీద తెల్లటి గుడ్డ కప్పి, తెల్లవారకముందే టార్చి వేసి గుడ్డ మడతలు చూడండి. ఆవగింజలో సగం ఉండే ఎర్ర చుక్కలు పాకుతుంటే అవే. ముక్కు మీద తేనెపట్టు కన్నుల్లా గరుకు పొర కడితే అది వేరే పురుగు. డాక్టరు ఐవర్‌మెక్టిన్ అనే మందు కొలత ప్రకారం ఇస్తే తగ్గుతుంది. బరువు చూడకుండా మీరే వేస్తే పిట్ట చచ్చిపోవచ్చు. కిరోసిన్ రాయడం అసలు వద్దు.

ఒక పిట్ట డల్‌గా కనిపిస్తే

వెంటనే వేరే గదిలోకి మార్చండి, సాయంత్రం దాకా చూద్దామని ఆగొద్దు. చిన్న పంజరంలో ఒక వైపు పాతకాలం ఫిలమెంట్ బల్బు బయటి నుంచి పెట్టి 30 డిగ్రీల దాకా వెచ్చగా ఉంచండి. వేడెక్కితే పక్కకు జరగడానికి చోటు ఉండాలి. ఎల్‌ఈడీ బల్బు వేడి ఇవ్వదు. మేతా నీళ్లూ ముక్కు ముందే ఉండాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు రెట్ట పడిన కాగితం, బరువులు రాసిన పుస్తకం తీసుకెళ్లండి. సిటకోసిస్ అని తేలితే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయోటిక్ మామూలుగా 45 రోజులు వాడాలి. వారానికే హుషారైందని ఆపేస్తే అది మళ్లీ దాక్కుంటుంది.

ఇంట్లో ఎవరికైనా ఆ రోజుల్లో జ్వరం, పొడి దగ్గు, విపరీతమైన తలనొప్పి వస్తే, డాక్టరుతో మొదటి మాటగా "మా ఇంట్లో పిట్టలున్నాయి, ఒకటి జబ్బు పడింది" అని చెప్పండి. అడిగేదాకా ఆగకండి. మనుషుల్లో సిటకోసిస్ నిమోనియాలా ఉంటుంది, సరైన మందు వేస్తే తగ్గుతుంది, కానీ ఎవరూ దాన్ని ముందుగా ఊహించరు. పెద్దవాళ్లు, గర్భిణులు పంజరం శుభ్రం చేసే పని పెట్టుకోకూడదు. పిల్లలు పిట్ట ముక్కుకు ముద్దు పెట్టడం మాన్పించండి.

పిట్ట చనిపోతే గ్లవ్స్ వేసుకుని, సబ్బు నీళ్లతో ఈకలు తడిపి, రెండు కవర్లలో కట్టి, ఐస్ ప్యాకుల మధ్య చల్లగా ఉంచండి. డీప్ ఫ్రీజర్‌లో పెడితే పరీక్షకు పనికిరాకుండా పోతుంది. ఒక రోజులోపు పశువైద్యశాలకు తీసుకెళ్లి పోస్టుమార్టం అడగండి. ఒకేసారి నాలుగైదు పోతే మాత్రం మీరు ఏదీ ముట్టుకోకుండా ముందు పశుసంవర్ధక శాఖకు ఫోన్ చేయండి. 1962 టోల్ ఫ్రీ నంబరు ఉంది. పరీక్ష అక్కర్లేదన్నప్పుడు లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి, చెత్తకుండీలోనో చెరువులోనో వేయకండి. మిగిలిన పిట్టలకు ఆ రోజు నుంచి మళ్లీ 45 రోజుల లెక్క మొదలవుతుంది. ఆ లెక్క పూర్తయ్యేదాకా ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి. గత నెలలో మీ దగ్గర పిట్ట తీసుకెళ్లినవాళ్లు ఉంటే ఫోన్ చేసి సంగతి చెప్పండి.